భరతుని సేన విడిసిన చోట

(కార్తికమాసానికి ముందు రెడ్డిగూడెం దేవాలయ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



భక్తమహాశయులకు, తల్లులకు, ఒకప్పుడు నా వద్ద శబ్దమంజరి వల్లె వేసి నేడు నన్నే చేయి పట్టుకొని మెట్లెక్కించిన నా పూర్వశిష్యులకు ఆశీస్సులు.

కార్తికమాసం మరికొద్ది రోజులలో ప్రవేశిస్తున్నది. ఏటా ఈ సమయానికి ధర్మకర్తలు నన్ను పిలిపించి వనభోజన మహిమ చెప్పమంటారు. ధాత్రీవృక్షం గొప్పదనాన్ని, ఆ నీడలో దామోదరుని అర్చించి భుజించడం వలన కలిగే పుణ్యాన్ని నేను చెబుతాను. మీరు వింటారు. తరువాతి ఆదివారం అందరమూ కొండ దగ్గరకు బయలుదేరుతాము. వెనుక ఎడ్లబండ్లు కట్టేవాళ్ళము, ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు. ఈ సంవత్సరమూ అదే విషయం చెప్పమన్నారు. చెబుతాను. కాని అంతకుముందు నా తప్పు ఒకటి ఈ సభలో చెప్పుకోవలసి ఉన్నది.

నిరుడు వనభోజనం ముగించుకొని ఇంటికి చేరిన తరువాత చూసుకుంటే నా ఉద్ధరిణి కనబడలేదు. మా నాయనగారు వాడిన రాగి ఉద్ధరిణి అది. వెల చేసే వస్తువు కాదు గాని, మనసు ఊరుకోలేదు. పది రోజుల తరువాత మనుమణ్ణి వెంటబెట్టుకొని మోటారు సైకిలు మీద ఆ ఉసిరిచెట్టు దగ్గరకు వెళ్ళాను. అక్కడ మేకలు కాసుకునే పెద్దాయన ఒకరు ఎదురయ్యారు. నా వయసువాడే. మొలలో దోపుకున్న ఉద్ధరిణిని తీసి నా చేతిలో పెట్టి, "ఇది మీదేనని తెలుసు పంతులుగారూ, పోయిన సోమవారమే దొరికింది. ఎట్లాగూ వచ్చారుగా, ఒకసారి ఇట్లా వచ్చి చూడండి" అన్నాడు.

చూశాను. మేము కూర్చొని భోంచేసిన చోట ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు పళ్ళాలు, థర్మోకోల్ గిన్నెలు, నీళ్ళ ప్యాకెట్లు గాలికి ఎగిరి తుప్పల ముళ్ళకు తగులుకొని ఉన్నాయి. పులిహోర వాసన పట్టిన ప్లాస్టిక్ సంచిని ఆయన మేక ఒకటి నమిలి మింగి, నాలుగు రోజులు మేత ముట్టక చచ్చిపోయిందట. ఆ మాట ఆయన కోపంతో చెప్పలేదు. వాన ఎప్పుడు కురిసిందో చెప్పినట్లు చెప్పాడు. ఆ తరువాత చెట్టు మొదలు చూపించాడు. ఏటా అదే చోట మూడువందల అరవై అయిదు వత్తుల దీపాలు పెట్టి, అదే పక్కన మూడు రాళ్ళ పొయ్యి వెలిగించినందువలన మాను ఒక వైపు బెరడు మాడి ఊడిపోయి, లోపలి కట్టె నల్లగా కనబడుతున్నది. చుట్టూ ఇరవై అడుగుల మేర నేల కళ్ళంలాగా గట్టిపడింది. "ఇక్కడ వాన పడితే ఇంకదండీ, జారిపోతుంది. ఈ చెట్టు కింద ఒక్క మొక్క మొలిచి నేను చూసి పదేళ్ళయింది" అన్నాడు.

ఇంకొక మాట కూడా చెప్పాడు, అది నాకు శాస్త్రపాఠంలా ఉన్నది. ఉసిరికాయ రాలిన తరువాత మేకలు, అడవిలోనైతే జింకలు, దానిని మింగి పోయి ఎక్కడో నీడలో పడుకొని నెమరు వేస్తాయి. అప్పుడు గింజ బయటికి వస్తుంది, దానిని అక్కడే ఉమ్మివేస్తాయి. ఉసిరి ఒక చోటి నుంచి మరొక చోటికి పోయేది ఎక్కువగా ఆ విధంగానే. మనమో, పూజకని కొంత, పచ్చడికని కొంత, పిల్లల సరదాకని కొంత కర్రలతో దులిపి సంచుల కెత్తుకొని వస్తున్నాము. యాభై ఏళ్ళుగా నేను ధాత్రీవృక్షాన్ని గురించి ప్రసంగిస్తున్నాను. ఆ వృక్షానికి బిడ్డలెట్లా పుడతాయో నాకు తెలియదు. మేకల కాపరికి తెలుసు.

ఆ రోజు ఇంటికి వచ్చి రామాయణం తీశాను. మనసు బాగులేనప్పుడు సుందరకాండ తీయడం నా అలవాటు, ఆ రోజెందుకో చేయి అయోధ్యాకాండ మీదికి పోయింది. మీకందరికీ తెలిసిన కథే. అయినా అందులో ఒక ఘట్టాన్ని నేనింతవరకు ఏ పురాణ సభలోనూ సరిగా చెప్పలేదు.

భరతుడు అన్నగారిని తిరిగి తీసుకురావడానికి సకల సేనతో, తల్లులతో, పౌరులతో బయలుదేరాడు. అంత పెద్ద యాత్ర, అంత పవిత్రమైన సంకల్పం మరొకటి ఉండదు. భరద్వాజాశ్రమం సమీపించగానే ఆయన సేనను దూరంగా నిలిపివేశాడు. ఆయుధాలు, పరివారం విడిచి, పట్టుబట్ట కట్టుకొని, పురోహితుణ్ణి ముందుంచుకొని నడిచి వెళ్ళాడు. సేనను అంత దూరంలో ఎందుకు విడిచి వచ్చావని ముని అడిగాడు. దానికి భరతుడు చెప్పిన సమాధానం గమనించండి. నా వెంట గుర్రాలు, మదపుటేనుగులు, వేలకొలది మనుషులు ఉన్నారు. వారు వస్తే ఆశ్రమంలోని చెట్లు, నీళ్ళు, నేల, పర్ణశాలలు పాడవుతాయి, అందుచేత ఒక్కణ్ణే వచ్చాను అన్నాడు. చెట్లు, నీళ్ళు, నేల, ఇళ్ళు. జనసమూహం అడవిలో అడుగుపెడితే చెడిపోయేవి ఏవేవో ఆ ఒక్క సమాధానంలో లెక్క వేసి చెప్పాడు రాజకుమారుడు. అప్పుడు భరద్వాజుడు, సేనను తీసుకురా అని తానే అనుమతించాడు, ఆతిథ్యమూ తానే చేశాడు. సేన లోపలికి వచ్చింది ఆ చోటివాని పిలుపు మీద. (ఆ విందు తరువాత కూడా నలిగిన పూలమాలలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయని వాల్మీకి చెప్పకుండా విడిచిపెట్టలేదు, ఆయన దృష్టి అటువంటిది.)

ఇక రెండవ ఘట్టం. సేన చిత్రకూటం చేరింది. ఆ ధ్వనికి ఏనుగులు, అడవిదున్నలు, లేళ్ళు గుంపులు గుంపులుగా బెదరి పరుగెత్తాయి. అది చూసి రాముడు, ఏమి జరుగుతున్నదో చూడమని లక్ష్మణుణ్ణి చెట్టెక్కించాడు. ఇక్కడ కూడా భరతుడు సేనను నిలిపి కాలినడకనే పర్ణశాలకు వెళ్ళాడు. ఆయన వైపు లోపం లేదు. కాని సేన కొండ చుట్టూ విడిసింది. పాదుకలు తీసుకొని భరతుడు తిరిగి వెళ్ళిన తరువాత రాముడు చిత్రకూటాన్ని విడిచిపెట్టాడు. ఎందుకు విడిచాడు? చాలామంది పౌరాణికులు, నేనూ వారిలో ఒకణ్ణి, తల్లులనూ తమ్ముణ్ణీ చూసిన చోట ఆ జ్ఞాపకం బాధించిందని చెప్పి ముందుకు పోతాము. అది నిజమే, వాల్మీకి చెప్పినదే. కాని దాని వెంటనే రాముని నోట మరొక కారణం కూడా చెప్పించాడు. సేన విడిసినందువలన, గుర్రాల లద్దె, ఏనుగుల లద్దె వలన ఈ ప్రదేశమంతా మిక్కిలి తొక్కబడి చెడిపోయింది అని.

అమ్మలారా, అయ్యలారా, ఒక్క క్షణం ఆలోచించండి. వచ్చినవాడు భరతుడు. అంతటి భక్తుడు లేడు. ఆయన వెంట వచ్చినవారు రాముని కోసం ఏడ్చినవారు. వారు వెళ్ళిన తరువాత ఆ కొండ రాముడు ఉండదగినదిగా మిగలలేదు. భక్తి ఉంటే చాలు, అడవికి హాని జరగదు అనుకోవడం పొరపాటని దీనికంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు? భరద్వాజుని దగ్గర జరిగినదానికీ చిత్రకూటంలో జరిగినదానికీ భేదమేమిటని రాత్రంతా ఆలోచించాను. నాకు తోచినది ఇది. ఆశ్రమంలో అక్కడివాణ్ణి అడగడం జరిగింది, ఎంతమంది ఎక్కడ ఉండాలో అతడు నిర్ణయించాడు. చిత్రకూటంలో దుఃఖం తొందరపెట్టింది, సేనను ఎక్కడ దింపాలో చెప్పగలవాణ్ణి ఎవరూ అడగలేదు. ఇది వ్యాఖ్యానాలలో ఉన్న మాట కాదు, నా ఊహ. తప్పయితే పెద్దలు దిద్దవచ్చు.

ఇప్పుడు మన కాలానికి వద్దాము.

1974 మహాశివరాత్రికి మా గురువుగారి వెంట నల్లమల దారిన శ్రీశైలం నడిచాను. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, ఆ మెట్ల దారి. మా భుజాన గుడ్డసంచిలో అటుకులు, బెల్లం. ముందు విల్లమ్ములు పట్టుకొని ఒక చెంచు యువకుడు నడిచాడు. ఒక చోట గురువుగారు కూర్చోబోతే, వద్దు, ఇది వాటి నీళ్ళ దారి అని లేవదీశాడు. గురువుగారు మహామహోపాధ్యాయులకు పాఠం చెప్పినవారు, చిన్నపిల్లవానిలా లేచి అవతలికి వెళ్ళారు. మల్లన్న చెంచులకు అల్లుడు గదా, మనము స్వామి అత్తవారింటికి పోతున్నాము, వాళ్ళు కూర్చోమన్న చోటనే కూర్చోవాలి అన్నారు నవ్వుతూ.

ఇప్పుడు అదే దారిన శివరాత్రికి, ఉగాదికి జనం వేలుగా లక్షలుగా నడుస్తున్నారు. ఉగాదికి కన్నడదేశం నుంచి వచ్చే భక్తుల ఓర్పు చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ అడవి 3,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలో పెద్దది, 1983లో పులుల పరిరక్షణ పథకంలో చేరినది. దారిలో అన్నదానం చేసే పుణ్యాత్ములు ఎందరో ఉన్నారు. కాని అన్నంతోపాటు ఇచ్చిన పళ్ళెమూ, గ్లాసూ, నీళ్ళ సీసా ఎవరు వెనక్కు తెస్తున్నారు? మన్ననూరు వైపున, తెలంగాణలోకి వచ్చే అమ్రాబాద్ అడవిలో, హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు పక్కన మనము కారు అద్దం దించి విసరివేసినదంతా ఏరడానికి చెంచులనే స్వచ్ఛసేవకులుగా పెట్టారు. చూడండి, అల్లుడి దర్శనానికి మనము వెళ్తున్నాము, అత్తవారు మన ఎంగిలి ఎత్తుతున్నారు. ఆ అడవిలోనే ఉన్న సలేశ్వరంలో, చైత్రపూర్ణిమకు జరిగే జాతరలో, లింగానికి పూజారులు చెంచులే. ఎన్ని రోజులు జాతర జరగాలి, ఏ వేళకు దారి మూయాలి అనే మాట వచ్చినప్పుడు ముందుగా వారిని కూర్చోబెట్టి అడగడమే మర్యాద అని నా అభిప్రాయం.

అహోబిలంలో స్వామి ఆ మర్యాద తానే పాటిస్తున్నాడు. సంక్రాంతి వేళ పారువేట అని బయలుదేరి సుమారు 40 రోజులు చుట్టుపట్ల ఊళ్ళన్నీ తిరిగి, నా కల్యాణానికి రండి అని గడపగడపకూ వచ్చి పిలుస్తాడు. చెంచులక్ష్మిని పెండ్లాడినవాడు గనుక తెలిసినవాడు.

తిరుమల విషయం చెప్పాలంటే గొంతు పెగలదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పసిబిడ్డను చిరుత ఎత్తుకుపోయింది. తల్లిదండ్రులు గోవిందనామం చెప్పుకుంటూ ఎక్కుతున్నవారు. దానికి ఎవరినో నిందించడం నా ఉద్దేశం కాదు, ఆ తల్లి ముందు నిలబడి ధర్మం చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఆ తరువాత దేవస్థానమూ, అటవీశాఖా తీసుకున్న చర్యలు గమనిస్తే ఒక గొలుసు కనబడుతుంది. దారి వెంట తినుబండారాలు, మిగిలినవి పక్కన పారవేయడం, ప్రేమతో జంతువులకు పెట్టడం. వాటి కోసం కుక్కలు, అడవిపందులు చేరడం. వాటి కోసం చిరుత దారి దగ్గరకు రావడం. అందుకే జంతువులకు ఆహారం పెట్టవద్దన్నారు, అంగళ్ళవారు వ్యర్థాలు బయట వేయరాదన్నారు, పిల్లలతో నడిచే వేళలు నియమించారు, గుంపులుగా నడవమని చేతికి కర్రలిచ్చారు. అన్నీ అవసరమైనవే. కాని అవన్నీ గొలుసు చివర కట్టిన కట్టుబాట్లు. గొలుసు మొదలు మన చేతిలోని పొట్లంలో ఉన్నది.

పొట్లం అంటే గుర్తుకు వచ్చినది, శబరిమల. ఈ మండపంలో ఉన్న పురుషులలో సగంమంది ఏదో ఒక సంవత్సరం మాల వేసినవారే. పంబానదిలో బట్టలు విడవడం ఆచారమని ఎవరో మొదలుపెట్టారు. అది ఆచారం కాదని, బట్టలు నదిలో వేయరాదని కేరళ హైకోర్టు చెప్పవలసి వచ్చింది. పెరియార్ పులుల అభయారణ్యం గుండా ఆ దారి పోతుంది. 2011లో అక్కడ 'పుణ్యం పూంకావనం' అనే కార్యక్రమం మొదలైంది. పూంకావనమంటే స్వామి పూదోట. యాత్రకు వచ్చిన స్వాములే కొంతసేపు ఆ దారిని శుభ్రం చేయాలని, అసలు ప్లాస్టిక్ వెంట తేరాదని అందులోని మాట. తిరువాంకూరు దేవస్వం బోర్డు ఇరుముడిలో ప్లాస్టిక్ పెట్టవద్దని కోరింది. ఆ అడవి అంచు ఊళ్ళవారి సమితులు యాత్రాకాలంలో దారి వెంట అంగళ్ళు నడుపుతూ అడవిని చూసుకుంటున్నాయి. ఒకప్పుడు దొంగతనంగా చెట్ల బెరడు ఒలిచి అమ్ముకున్నవారు కూడా సమితిగా ఏర్పడి, యాత్రికులకు అడవి చూపించేవారుగా, అడవికి కావలివారుగా మారారు.

ఇందులో నాకు ముఖ్యంగా తోచినది ఇరుముడి సంగతి. ఇరుముడి ఎక్కడ కడతారు? పంబలో కాదు. మన ఊరి గుడిలో, గురుస్వామి ఎదుట, ఇంటివారందరూ పిడికెడు బియ్యం వేస్తుండగా కడతారు. అంటే ఆ అడవిలోకి ఏమి పోవాలో, ఏమి పోకూడదో రెడ్డిగూడెంలో నిర్ణయమవుతున్నది. అక్కడ అధికారి ఎన్ని బోర్డులు పాతినా, ఎంత జరిమానా వేసినా, అప్పటికి ముడి కట్టడం అయిపోయింది. గురుస్వామి ఒక్కమాట చెబితే నలభైమంది వింటారు. ఆ నలభైమందిని అడిగి, వారి చేత ఒప్పించి చేసిన నియమం కావలివాడు లేనిచోట కూడా నిలుస్తుంది.

ఇది పండితుని ఊహాగానమని అనుకోకండి. మన రాష్ట్రంలో 1992 నుంచి వనసంరక్షణ సమితులు ఉన్నాయి. అడవి పక్కనున్న ఊరివారూ అటవీశాఖవారూ కలిసి అడవిని చూసుకోవాలని ఏర్పడినవి. కొన్ని కాగితం మీదనే మిగిలాయి, ఆ మాట దాచడమెందుకు? కాని మారేడుమిల్లికి పోయి చూడండి. అక్కడ వాలమూరు సమితివారు, కొండరెడ్లు, యేటి ఒడ్డున జంగిల్ స్టార్ అనే విడిది నడుపుతున్నారు. వచ్చినవాడు రుసుము కడితే అది సమితికి చేరుతుంది. యేటిలో ఏ మడుగు లోతో, ఏ రాయి జారుతుందో చెప్పేది ఆ ఊరి కుర్రవాడే. పట్నం నుంచి విహారానికి వచ్చినవాడు వినకపోతే మెడబట్టి ఆపడానికీ వాడికి అధికారం ఉన్నది, ఎందుకంటే రేపు ఆ యేటి నీళ్ళు తాగవలసినవాడు వాడు. 2006 అటవీహక్కుల చట్టం కూడా హక్కులు పొందినవారి గ్రామసభకు అడవిని, నీటివనరులను, వన్యప్రాణులను కాపాడుకొనే అధికారం ఇచ్చింది. పులుల అభయారణ్యాలలో విహారయాత్రల మీద 2012లో సుప్రీంకోర్టు కొన్ని నెలలు నిషేధం విధించి, మార్గదర్శకాలు వచ్చిన తరువాత సడలించింది. ఆ మార్గదర్శకాలలో, పులుల కీలక ప్రాంతంలో 20 శాతానికి మించి యాత్రికులకు తెరవరాదని ఉన్నది. ప్రతి అభయారణ్యానికీ ఒక స్థానిక సలహాసంఘం ఉండాలని కూడా ఉన్నది. చట్టం చేసినవారికి కూడా భరద్వాజుణ్ణి అడగాలని తోచింది.

మన దగ్గర పులులు లేవు గదా, మనకెందుకీ చర్చ అని ఎవరైనా అనవచ్చు. మన వైపున మైలవరం, ఇబ్రహీంపట్నం దాకా సాగే కొండపల్లి అడవి ఉన్నది. కొండపల్లి బొమ్మకు కట్టెనిచ్చే తెల్లపొణికి ఆ కొండలదే, అది ఇప్పుడు అరుదై బొమ్మలు చేసేవారు వెతుక్కుంటున్నారు. ఇటీవల మూలపాడు వైపు కొండలెక్కడానికి, సీతాకోకచిలుకలు చూడడానికి బెజవాడ నుంచి జనం వస్తున్నారు. రావడం మంచిదే. ఇంట్లో తలుపులు మూసుకొని ఫోను చూసేవాడు కొండ ఎక్కితే సంతోషించాలి. నేను వనభోజనం మానమని చెప్పడానికి రాలేదు. మానితే నా వృత్తికే మోసం.

మనకు పులులు లేకపోయినా కోతులున్నాయి. రెడ్డిగూడెం, విస్సన్నపేట, నూజివీడు, మైలవరం, ఇదంతా మామిడి సీమ. కాయ పిందె మీద ఉండగా కోతుల మంద తోటలో దిగితే రైతు ఏమవుతాడో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. అవి కొండ ఎందుకు దిగుతున్నాయి? వాటి తిండిచెట్లు తగ్గిపోవడం ఒక కారణం. వనభోజనంలో హనుమంతుని సేవ అని అరటిపండ్లు, పులిహోర, బిస్కెట్లు అలవాటు చేసి మనుషుల భయం పోగొట్టినవారము మనమే, అది రెండవ కారణం. మీరు నవ్వుతున్నారు గాని, మధువనం కథ గుర్తు చేసుకోండి. వానరులు సుగ్రీవుని తోటలో పడి తేనె తాగి, కొమ్మలు విరిచి, అడ్డు వచ్చిన కావలి దధిముఖుణ్ణి చితకగొట్టారు. సుగ్రీవుడు క్షమించాడు. ఎందుకు? సీతమ్మ జాడ తెలుసుకొని వచ్చి ఉంటారు, లేకపోతే ఇంత సాహసం చేయరని ఊహించాడు గనుక. మనము ఏ సీతను కనుగొని వచ్చామని కొండ మీద అంత గొడవ చేస్తున్నామో నాకు తెలియదు. దధిముఖుని వంటి మామిడి రైతు మాత్రం తెల్లవారుఝామున డబ్బా వాయించుకుంటూ తోటలో తిరుగుతున్నాడు.

దేవుని పూజకు చెట్టు దగ్గరకు వెళ్ళడానికి ఒకరి అనుమతి ఎందుకు అని నిన్న ఒక శిష్యుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అనుమతి కాగితం గురించి కాదు నాయనా నేను చెబుతున్నది. చక్రవర్తి కుమారుడు ముని గుడిసె ముందు నిలబడి చెప్పిన సమాధానం గురించి. ఇంకొకరు, అటవీశాఖవారు మాత్రం తప్పు చేయడం లేదా, చెట్లు కొట్టి విడిది గృహాలు కట్టడం లేదా అన్నారు. చేస్తే ఆ మాటా అడుగుదాము. అడగాలంటే ముందు మనము వారి ఎదుట కూర్చోవాలి గదా. మన పళ్ళేలు మనము ఎత్తుకొని వచ్చిన తరువాత అడిగితే గొంతు కొంచెం గట్టిగా ఉంటుంది.

అందుచేత ఈ ఏడాది వనభోజనానికి నా మనసులో ఉన్నది చెబుతాను. మాడిపోయిన ఆ ఉసిరికి ఈ ఏడు విశ్రాంతి ఇద్దాము. దాని దగ్గర పూజ చేయను, నా వరకు నేను నిశ్చయించుకున్నాను. ఏ చెట్టు కింద కూర్చోవాలో, రోజుకు ఎంతమందిమి పోవాలో, పొయ్యి కొండ మీద పెట్టాలో, ఊళ్ళోనే వండుకొని పోవాలో మేకల కాపరులు, కట్టెపుల్లలు ఏరుకొనే ఆడవారు, తోటల రైతులు, అటవీశాఖ ఉద్యోగి కలిసి చెప్పాలి, మనము వినాలి, మనకు కుదరనిది చెప్పాలి. మోదుగాకు విస్తళ్ళు కుట్టడం వచ్చిన తల్లులు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు, వారికి డబ్బు ఇచ్చి కుట్టించుకుందాము, ఊరికే సేవ అనకండి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులలో కొన్నిటిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు, అయినా అంగడిలో దొరుకుతూనే ఉన్నాయి, అది వేరే సంగతి. దీపాలు మట్టి మూకుడులో పెట్టి, మాను నుంచి నాలుగు బారల దూరంలో ఉంచితే కార్తిక దామోదరునికి వెలుతురు తక్కువ కాదు. ఉసిరికాయలు పూజకు అయిదు చాలు. తక్కినవి చెట్టువి.

ఇవి నా ఆలోచనలు మాత్రమే. నేను తప్పు చెప్పి ఉండవచ్చు, చెట్ల సంగతి నాకు ఎంత తెలుసో మీరు ఇందాక విన్నారు. వచ్చే ఏకాదశి నాడు ఈ మండపంలోనే అందరమూ కూర్చుందాము. మొదట మాట్లాడవలసినవాడు ఆ మేకల కాపరి. వస్తానన్నాడు. ఒకటే షరతు పెట్టాడు, మేకలను దొడ్డిలోకి తోలిన తరువాత గాని రాలేనన్నాడు. కాబట్టి సభ సాయంత్రం అయిదింటికి కాదు, దీపాలు పెట్టిన తరువాత.